మన ఇంటి రౌటర్ పాస్‌వర్డ్ మనకే ఇవ్వాలి

ఆండర్సన్‌పేట, రాబర్ట్‌సన్‌పేట, ఛాంపియన్ రీఫ్, ఊరగాం వాసులారా!

పోయిన వారం మా వీధిలో ఒక అమ్మాయి ఉద్యోగం కోసం ఆన్‌లైన్ ఇంటర్వ్యూకు కూర్చుంది. వైఫై గుర్తు నిండుగా ఉంది, నెట్ మాత్రం రాలేదు. కనెక్షన్ ఇచ్చినవాళ్లకు ఫోన్ చేస్తే రౌటర్ ఆపి మళ్లీ ఆన్ చేయమన్నారు. ఆపి ఆన్ చేసింది, మళ్లీ ఆపి ఆన్ చేసింది, ఇంటర్వ్యూ వేళ దాటిపోయింది. మర్నాడు సాయంత్రం వచ్చిన మనిషి చిటికెలో సరిచేసి, ఏం చేశాడో చెప్పకుండానే వెళ్లిపోయాడు.

తర్వాత తెలిసిన అసలు సంగతి ఇది. కనెక్షన్ పెట్టిన రోజు ఆ అమ్మాయి ల్యాప్‌టాప్‌లో ఐపీ అడ్రస్‌ను 192.168.1.5 అని చేత్తో రాసిపెట్టారు. పరికరాలకు నంబర్లు పంచే డీహెచ్‌సీపీ రౌటర్‌లో నడుస్తూనే ఉంది. కొత్తగా కొన్న టీవీకి అది ఆ నంబరే ఇచ్చింది. ఒకే నంబరు రెండింటికి పడితే రెండూ తడబడతాయి. ఇంకో ఇంట్లో పాత రౌటర్ గేట్‌వే, అంటే నెట్‌కు దారి ఇచ్చే నంబరు, 192.168.1.1; మార్చి పెట్టిన కొత్తదానిది 192.168.0.1. ఫోన్‌లో చేత్తో రాసిన పాత గేట్‌వే అలాగే ఉండిపోయింది. తప్పు ఫోన్‌లో ఉంటే రౌటర్‌ను వందసార్లు ఆపి ఆన్ చేసి ఏం లాభం?

ఫోన్‌లో వైఫై పేరు నొక్కి, ఐపీ సెట్టింగ్స్‌లో స్టాటిక్ (చేత్తో రాసిన నంబరు) తీసేసి డీహెచ్‌సీపీ పెడితే చాలాసార్లు సరిపోతుంది. అడ్రస్ 169.254తో మొదలైతే రౌటర్ నుంచి నంబరే అందలేదని తెలుసుకోండి. ప్రింటర్‌కో, కెమెరాకో మారని నంబరు కావాలంటే దాని మ్యాక్ అడ్రస్ (పరికరం సొంత గుర్తింపు నంబరు)తో రౌటర్‌లోనే రిజర్వ్ చేయాలి. లేదా డీహెచ్‌సీపీ పంచే వరుసకు బయటి నంబరు పెట్టాలి. ఆ వరుస ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో చూడాలంటే రౌటర్ లోపలికి వెళ్లాలి. వెళ్లడానికి పాస్‌వర్డ్ కావాలి. దాన్నే కనెక్షన్ ఇచ్చినవాళ్లు మనకు ఇవ్వరు!

డబ్బు మనది, ఇల్లు మనది, కరెంటు బిల్లు మనది. తాళం మాత్రం వాళ్ల జేబులో. అడిగితే "మీకెందుకు సార్, మీరు పాడుచేస్తారు" అంటారు. ఎవరితో అంటున్నారు ఈ మాట? 1902లోనే శివనసముద్రం విద్యుత్ కేంద్రం నుంచి దాదాపు నూటయాభై కిలోమీటర్లు తీగ లాగించుకుని కరెంటు వెలిగించిన ఊరితో. గనిలో మూడు కిలోమీటర్ల లోతుకు దిగి, పంపులూ డ్రిల్లులూ నడిపిన కార్మికుల పిల్లలతో. ఒక ప్లాస్టిక్ పెట్టె సెట్టింగ్ మనకు అర్థం కాదా?

2001 ఫిబ్రవరి 28న గని మూసేశారు. అప్పటి నుంచి ఈ ఊరు తెల్లవారకముందే బెంగళూరు రైలెక్కి బతుకుతోంది. ఇంట్లో కూర్చుని పని చేసుకునే దారి ఇప్పుడిప్పుడే కొందరికి దొరికింది. ఆ దారి కూడా ఒకరి దయ మీద, ఒకరి ఫోన్ కాల్ మీద ఆధారపడాలా? ఒక రోజు నెట్ లేకపోతే ఒక రోజు కూలి పోయినట్టే.

భద్రత కోసం ఇవ్వడం లేదట. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన అడ్మిన్, అడ్మిన్ అనే యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌లను మార్చకుండా వదిలేసేవాళ్లు భద్రత గురించి మాట్లాడకూడదు. మనం పాడుచేస్తే రీసెట్ బటన్ ఉండనే ఉంది. అయితే రీసెట్ నొక్కితే కనెక్షన్ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ కూడా చెరిగిపోవచ్చు. అందుకే అవి మన దగ్గర రాతపూర్వకంగా ఉండాలి.

మేము కోరేది ఒక్క కాగితం. రౌటర్ లాగిన్, పాస్‌వర్డ్, గేట్‌వే, డీహెచ్‌సీపీ వరుస, కనెక్షన్ యూజర్‌నేమ్, దాని పాస్‌వర్డ్, చేత్తో నంబరు పెట్టిన ప్రతి పరికరం పేరు అందులో ఉండాలి. కన్నడం, తమిళం, తెలుగుల్లో ఇంటివారు చదవగలిగే భాషలో రాసి, కనెక్షన్ పెట్టిన మనిషి సంతకం చేయాలి. అవసరం లేనిచోట చేత్తో ఐపీ పెట్టడం పూర్తిగా మానేయాలి.

కొత్త కనెక్షన్ తీసుకునేవారు ఈ కాగితం చేతికి రానిదే సంతకం పెట్టకండి. పాత కనెక్షన్ ఉన్నవారు ఈ నెల బిల్లు కట్టేటప్పుడే అడగండి. ఇవ్వకపోతే రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, ఫిర్యాదు నంబరు దాచుకోండి. పక్కింటివారికి కూడా చెప్పండి.