రక్తంలో లేదంటే మెదడులోనూ లేనట్టేనా?

"సార్, వైరస్ కనిపించలేదని రిపోర్టు వచ్చింది. హెచ్‌ఐవీ నయమైపోయిందని టీవీలో కూడా చెప్పారు. అందుకే మాత్రలు ఆపేశాను." మా ఓపీకి వచ్చిన ఒకాయన చెప్పిన మాట ఇది. ఆపేసి అప్పటికి నాలుగు నెలలు. పక్కనున్న భార్య బాధ వేరు. "ఈమధ్య చెప్పింది గుర్తుండటం లేదండీ, కొట్లో లెక్కలు తప్పుతున్నారు" అంది.

ఎవరికో హెచ్‌ఐవీ పూర్తిగా తగ్గిందన్న వార్త వచ్చినప్పుడల్లా ఈ ప్రశ్న మా ముందుకొస్తుంది. వార్త అబద్ధం కాదు. కానీ చికిత్సతో అలా నయమైనవారు ప్రపంచం మొత్తమ్మీద వేళ్ల మీద లెక్కపెట్టగలిగినంత మందే. 'బెర్లిన్ పేషెంట్'గా పేరుపడ్డ తిమోతీ రే బ్రౌన్ వారిలో మొదటివాడు. ఆయనకు బ్లడ్ క్యాన్సర్ ఉండటంతో మూలకణ మార్పిడి చేశారు. ప్రాణం మీదికి తెచ్చే అవకాశమున్న చికిత్స అది. రోజూ మాత్ర వేసుకుని హాయిగా ఉన్న మనిషికి ఏ డాక్టరూ దాన్ని సూచించడు.

మరి రిపోర్టులో 'కనిపించలేదు' అంటే? మిల్లీలీటరు రక్తంలో ఎన్ని వైరస్ కాపీలున్నాయో వైరల్ లోడ్ పరీక్ష లెక్కపెడుతుంది. యంత్రం పట్టుకోలేనంత తక్కువగా ఉంటే ఆ మాట రాస్తారు. ఇది నిజంగా శుభవార్తే. మాత్రలు వాడుతూ ఆ స్థితిలో ఉన్నంతకాలం లైంగిక భాగస్వామికి వైరస్ సోకదు. అయితే అది రక్తం గురించిన రిపోర్టు. మెదడు సంగతి అందులో ఉండదు.

హెచ్‌ఐవీ ఒంట్లోకి చేరిన రెండు వారాల్లోపే మెదడును చేరగలదు. రక్తంలోని కొన్ని తెల్లకణాల్లో దాక్కుని, మెదడుకు కాపలాగా ఉండే రక్తనాళాల గోడను దాటేస్తుంది. అక్కడ ఆలోచనలు నడిపే నాడీకణాలను నేరుగా పట్టదు. మెదడు రక్షణ కోసం ఉండే మైక్రోగ్లియా కణాల్లో మకాం వేస్తుంది. ఇవి ఏళ్ల తరబడి బతుకుతాయి. వాటి నుంచి వెలువడే వాపు రసాయనాలు, వైరస్ ప్రొటీన్లు పక్కనున్న నాడీకణాలను దెబ్బతీస్తాయి. మంచి మందులు లేని రోజుల్లో దీనివల్ల మతి పూర్తిగా తప్పినవారిని చూసేవాళ్లం. ఇప్పుడది అరుదు. మతిమరుపు, ఆలోచనలో నిదానం, పని మీద దృష్టి నిలవకపోవడం వంటివి మాత్రం కొందరిలో కనిపిస్తున్నాయి.

మెదడులో వైరస్ ఉందని ఎలా తెలుస్తుంది? బతికున్న మనిషి మెదడు ముక్క ఇందుకోసమని తీయలేం. వెన్నులోంచి నీరు తీసి చూడటం ఒక్కటే మాకున్న దారి, అదీ అవసరమైతేనే. కణజాలంలో చూసేది ఎక్కువగా శవపరీక్షల్లో. వైరస్‌లోని పీ24 అనే ప్రొటీన్‌కు అతుక్కునే యాంటీబాడీలతో రంగు వేస్తే, వైరస్ ఉన్న కణాలు మైక్రోస్కోపు కింద బయటపడతాయి. చాలా కణాలు ఒకటిగా కలిసిపోయిన పెద్ద కణాలు కనిపిస్తే పాథాలజిస్టుకు అనుమానం బలపడుతుంది. పీసీఆర్‌తో వైరస్ జన్యుపదార్థాన్నీ వెతుకుతారు. చిక్కేమిటంటే, దొరికే కాపీల్లో చాలావరకు చెడిపోయినవే. పెరగగల వైరస్ ఏదో తేల్చడమే కష్టం.

అమెరికాలోని శాన్ డియాగోలో 'లాస్ట్ గిఫ్ట్' అనే అధ్యయనం నడుస్తోంది. హెచ్‌ఐవీతో బతుకుతూ వేరే జబ్బుతో చివరి దశకు చేరినవారు తమ దేహాలను దానికి ఇచ్చి వెళుతున్నారు. చనిపోయిన కొద్ది గంటల్లోనే కణజాలం సేకరిస్తారు. అలా వచ్చిన మెదళ్లను పరిశీలించిన నార్త్ కరోలినా పరిశోధకులు 2023లో ఒక సంగతి బయటపెట్టారు. మందులతో రక్తంలో వైరస్ అదుపులో ఉన్నవారి మైక్రోగ్లియాలోనూ, మళ్లీ పెరగగల వైరస్ ఉంది! మాత్రలు ఆపితే చాలామందిలో కొన్ని వారాల్లోనే వైరస్ తిరిగి రావడానికి ఇలాంటి దాగుడుచోట్లే కారణం.

మీ ఇంట్లో ఎవరైనా ఏఆర్‌టీ వాడుతూ మరిచిపోతుంటే అదంతా వైరస్ పనే అనుకోవద్దు. బీ12 లోపం, థైరాయిడ్, దిగులు, మద్యం కూడా చూడాలి. జ్వరంతో తలనొప్పి, వాంతులు, ఫిట్స్, ఒక పక్క బలహీనత ఉంటే ఆ రోజే ఆసుపత్రికి తీసుకురండి. రోగనిరోధక శక్తి తగ్గినవారిలో మెదడు టీబీ, క్రిప్టోకాకస్, టాక్సోప్లాస్మా ప్రాణం తీస్తాయి. వీటికి మందులున్నాయి. మన ప్రభుత్వ ఏఆర్‌టీ కేంద్రాల్లో 2004 నుంచి హెచ్‌ఐవీ మందులు ఉచితం. సీడీ4 ఎంతున్నా చికిత్స మొదలుపెట్టాలన్న విధానం 2017లో వచ్చింది.

ఆయన వైరల్ లోడ్ మళ్లీ బాగా పెరిగింది. ఇతర ఇన్‌ఫెక్షన్లు లేవని తేల్చుకుని మాత్రలు తిరిగి మొదలుపెట్టాం. ఆరు నెలలకు రిపోర్టు అదుపులోకి వచ్చింది, మతిమరుపు కొంత తగ్గింది. కొట్లో లెక్కలు మాత్రం ఇప్పటికీ భార్యే చూస్తోంది.