వెయ్యి బీడీలకు రేటుంది, వ్యాసానికేదీ?

కామారెడ్డి, ఎల్లారెడ్డి పల్లెల్లో బీడీలు చుట్టే మహిళలకు కూలీ వెయ్యి బీడీల లెక్కన వస్తుంది. ఆ రేటు చాలదని సంఘాలు కొట్లాడతాయి. పీఎఫ్ కోసం, పింఛను కోసం ధర్నాలు జరుగుతాయి. చాట ముందేసుకుని ఇంటి అరుగు మీదే చేసినా పని పనే, దానికి డబ్బు ఇవ్వాల్సిందే అన్న మాటను ఇక్కడ ఎవరూ కాదనరు.

మరి ఆ మహిళల గురించి రాసే రచయిత్రికి? రోజంతా వంగి కూర్చున్నందుకు పట్టేసే మెడలు, నాణ్యత లేదంటూ కార్ఖానాలో పక్కన పడేసే బీడీలు, పీఎఫ్‌కు పెట్టిన కటాఫ్ తేదీ వల్ల ప్రభుత్వ పింఛను ‘జీవన భృతి’ అందనివాళ్ల గోడు... ఇవన్నీ రాయాలంటే ఊళ్లు తిరగాలి, పదిమందితో మాట్లాడాలి, కాగితాలు తిరగేయాలి. అంతా అయ్యాక ఆమెకు దక్కేది వాట్సాప్‌లో నాలుగు పూలగుత్తులు, అదృష్టం బాగుంటే ఒక శాలువా. తెలుగులో స్త్రీవాద రచన చాలావరకు వేరే ఉద్యోగం చేసుకుంటూ, ఇంటిపని తీరాక మిగిలిన గంటల్లోనే సాగుతోంది.

దీనివల్ల నష్టపోయేది రచయిత్రి ఒక్కతే కాదు. డబ్బు రాని పనిని, వేరే ఆదాయం ఉన్నవాళ్లే ఎక్కువకాలం చేయగలరు. బీడీ కార్మికురాలి కూతురు డిగ్రీ దాకా చదివి, రాయగల సత్తా ఉండి కూడా ఓ ప్రైవేటు బడిలోనో, బట్టల దుకాణంలోనో కుదురుకుంటుంది. ఆమె రాయాల్సిన కథ పుట్టకుండానే పోతుంది. అలా జరగనక్కర్లేదని చిత్తూరు జిల్లా చూపించింది. 2001లో అక్కడ మొదలైన ‘నవోదయం’ పత్రికకు పొదుపు సంఘాల మహిళలే విలేకరులయ్యారు.

పాఠకులు డబ్బు ఇవ్వకపోతే పత్రికల ఖర్చు ఇంకెవరో భరించాలి. 1928లో మద్రాసు నుంచి వచ్చిన ‘గృహలక్ష్మి’కి అండ డాక్టర్ కె.ఎన్. కేసరి, ఆయన తయారుచేసిన లోధ్ర మందు తెచ్చిన రాబడి. కనుపర్తి వరలక్ష్మమ్మ ‘శారద లేఖలు’ ఆ పత్రికలోనే వచ్చాయి. కేసరి ఉదారత వల్ల తెలుగు స్త్రీలకు మేలే జరిగింది. కానీ అలాంటి దాత ప్రతి తరానికీ దొరకడు, దొరికినా ఆయన అభిప్రాయాలు రచయిత్రి అభిప్రాయాలతో కలవాలని లేదు.

ప్రకటనల సంగతి ఇంకా చిక్కు. అమెరికాలో స్త్రీవాద పత్రిక ‘మిస్’ సోవియట్ మహిళల గురించి కథనం వేస్తే, ముఖచిత్రంలోని ఆడవాళ్లు మేకప్ వేసుకోలేదంటూ ఓ సౌందర్య సాధనాల కంపెనీ ప్రకటనలు ఇవ్వలేదు. 1990లో ఆ పత్రిక వాణిజ్య ప్రకటనలను పూర్తిగా వదిలేసి, పాఠకుల చందాలనే నమ్ముకుంది. లోపల ఏం జరిగిందో పత్రిక వ్యవస్థాపకుల్లో ఒకరైన గ్లోరియా స్టైనమ్ అదే ఏడాది వివరంగా రాశారు.

తెలుగులోనూ నిలిచిన పనులన్నీ మొండిధైర్యంతో నిలిచినవే. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న మహిళల మాటలను స్త్రీవాద బృందం ‘స్త్రీశక్తి సంఘటన’ ఊరూరా సేకరించి 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’గా తెచ్చింది. 1993లో హైదరాబాద్‌లో మొదలైన స్త్రీవాద పత్రిక ‘భూమిక’ కొండవీటి సత్యవతి సంపాదకత్వంలో దశాబ్దాలు నడిచింది. గోగు శ్యామల ‘నల్లపొద్దు’ సంకలనంలో 1921 నుంచి 2002 దాకా దళిత స్త్రీల రచనలను ఒకచోట చేర్చారు. ఏ పెద్ద సంస్థా ముందుకొచ్చి చేయించిన పనులు కావివి. ఇవి లేకపోతే ఇప్పటి విశ్వవిద్యాలయాల పాఠ్యాంశాల్లో, పరిశోధనల్లో ఎంత ఖాళీ ఉండేదో ఊహించుకోవచ్చు.

‘పేదింటి పాఠకురాలు డబ్బెక్కడ తెస్తుంది?’ అన్న ప్రశ్న న్యాయమైనదే. ఆమెను ఎవరూ అడగడం లేదు. నెలజీతం అందుకునే ఉపాధ్యాయులు, లెక్చరర్లు, న్యాయవాదులు, బ్యాంకు ఉద్యోగులు, గల్ఫ్‌లోనూ అమెరికాలోనూ స్థిరపడ్డ తెలుగువాళ్లు ఇస్తే చాలు. పీడీఎఫ్ అడిగే ముందు పుస్తకం కొనవచ్చు. ఏడాది చందా కట్టి, ఇంకో చందా ఊళ్లోని మహిళా సంఘం పేరిట కట్టవచ్చు. 2024 డిసెంబరులో తపాలాశాఖ రిజిస్టర్డ్ బుక్‌పోస్టును ఎత్తేసినప్పుడు పుస్తకం పంపే ఖర్చు పెరిగింది. చిన్న ప్రచురణకర్తలకు ఇలాంటప్పుడు ముందుగా వచ్చే చందాయే ఆసరా.

పాఠకులు తెలియకుండానే కడుతున్న డబ్బు కూడా ఒకటుంది. ఆస్తిపన్నుతో పాటు నూటికి 8 రూపాయల చొప్పున గ్రంథాలయ సెస్సు వసూలవుతోంది. అందులోంచి స్త్రీవాద పత్రికలు, పుస్తకాలు ఎన్ని కొంటున్నారని కామారెడ్డి జిల్లా గ్రంథాలయ సంస్థను పాఠకులు అడగాలి. కళాశాలలు మార్చి 8న రచయిత్రిని పిలిచినప్పుడు దారి ఖర్చులతో పాటు పారితోషికమూ ఇవ్వాలి. పత్రికల సంపాదకులు కూడా వ్యాసం అడిగే ఫోన్‌లోనే ఎంత ఇస్తారో చెప్పాలి.