ఆటలకు కర్త యెవ్వడు?

ప్రతి వస్తువునకును ఒక కర్తను, ఒక జన్మదినమును, ఒక జన్మస్థలమును వెదకుట మానవస్వభావము. యంత్రముల విషయమున నీ యన్వేషణము కొంత సార్థకము కావచ్చును గాని, ఆటల విషయమున నిది తరచుగా మనలను దారి తప్పించుచున్నది. ఆట నొక మహాపురుషు డొకనాడు కల్పింపడనియు, పేరులేని బాలురును గ్రామస్థులును తరతరములుగా దానిని పెంచుదురనియు నా యభిప్రాయము. ఇంగ్లండు దేశపు బ్యాటు బంతి యాటల పూర్వచరిత్రమే దీనికి సాక్ష్యము.

మొదట బేస్‌బాలు సంగతి చూతము. అమెరికనుల కభిమానపాత్రమైన యీ యాట ఇంగ్లండు బాలుర రౌండర్సు అను ఆటనుండి పుట్టినదని, ఇంగ్లండులో జన్మించి అమెరికాలో పత్రికారచయితగా ప్రసిద్ధికెక్కిన హెన్రీ చాడ్విక్కు వాదించెను. పూర్వమొక మేటి యాటగాడై, పిమ్మట ఆటసామగ్రి వర్తకుడైన ఆల్బర్టు స్పాల్డింగున కామాట రుచింపలేదు. ఆయన ప్రేరణమున 1905లో ఒక విచారణసంఘ మేర్పడెను. ఒక వృద్ధుడు వ్రాసిన లేఖను ప్రధానాధారముగా గైకొని, 1839లో కూపర్సుటౌను అను గ్రామమున ఆబ్నరు డబుల్డే దీనిని కల్పించెనని ఆ సంఘము 1907లో తీర్పు చెప్పెను. డబుల్డే తరువాతి కాలమున సేనానిగా కీర్తి గాంచినవాడే. కాని 1839లో ఆతడు వెస్టుపాయింటు సైనికవిద్యాలయమున విద్యార్థి. తానొక యాటను కల్పించితినని ఆతడెన్నడును చెప్పుకొనలేదు. తీర్పు వెలువడు నాటికి ఆతడు గతించి పదునాలుగేండ్లయినది. అయినను ఆ గ్రామముననే 1939లో బేస్‌బాలు కీర్తిమందిరమును తెరచిరి. స్వజాత్యభిమాన మొక కథను కోరినప్పుడు ఆధారములు తక్కువైనను కథ నిలుచునని దీనివలన తెలియుచున్నది.

నిజమేమన, 1744లో జాన్ న్యూబెరీ లండనులో ప్రకటించిన చిన్న పిల్లల పుస్తకముననే బేస్‌బాలు అను పేరును, దాని చిత్రమును కలవు. 1749లో వేల్సు యువరాజగు ఫ్రెడరిక్కు సర్రే మండలమున నీ యాట నాడినట్లు నాటి వార్తాపత్రిక తెలిపినది. 1755లో విలియం బ్రే యను యువకుడు గిల్‌ఫర్డు ప్రాంతమున స్త్రీ పురుషులతో గూడి బేస్‌బా లాడినట్లు తన దినచర్యలో వ్రాసికొనెను. రౌండర్సు అను పేరుతో నియమములు కానవచ్చునది 1828 నాటి బాలుర క్రీడాగ్రంథమున. కావున స్పాల్డింగు పక్షమువలెనే చాడ్విక్కు వాదమును సరిగా నిలువజాలదు. బేస్‌బాలు తన పేరుతోనే ఇంగ్లండులో పుట్టి పెరిగి సముద్రము దాటినది.

ఇక క్రికెట్టు. దీని తొలి నిశ్చయమైన ప్రస్తావన మే రాజశాసనములోను లేదు, ఏ కావ్యములోను లేదు. ఒక భూమి తగాదాలో నున్నది. గిల్‌ఫర్డు పట్టణమున నొక ఖాళీస్థలమును గూర్చి వ్యాజ్యము నడువగా, 1598లో జాన్ డెరిక్కు అను ఏబదితొమ్మిదేండ్ల యుద్యోగి సాక్ష్యమిచ్చెను. తాను ఆ పట్టణపు పాఠశాలలో చదువుకొను దినములలో తోడి బాలురతో ఆ స్థలమున పరుగులెత్తుచు క్రికెట్టును ఇతర క్రీడలను ఆడితినని ఆయన చెప్పెను. లెక్క చూచిన నది సుమారు 1550 నాటి మాట. స్థల మెవ్వరిదో తేల్చుటకు వచ్చిన వృద్ధుడు తెలియకయే యొక క్రీడాచరిత్రకు మొదటి పుట వ్రాసిపోయెను!

తరువాతి సాక్ష్యములును ఇట్టివే. 1611లో ససెక్సు మండలమున ఆదివారపు ఆరాధనకు పోక క్రికెట్టాడిన యిద్దరికి చర్చి న్యాయస్థానము జరిమానా విధించినది. 1624లో అదే మండలమున, బంతిని రెండవమారు కొట్టబోయిన వాని బ్యాటు తగిలి, బంతి పట్టుకొన వచ్చిన జాస్పరు వినాల్ మరణించెను. బంతిని బుద్ధిపూర్వకముగా రెండుమారులు కొట్టిన నాటగా డౌటగునను నియమము 1744 నాటి లిఖితనియమములలో నున్నది. అనగా డెరిక్కు బాల్యమునకును ఆ నియమపత్రమునకును నడుమ సుమారు రెండువందల యేండ్లు గడచినవి. ముందు ఆట, పిదప నియమము. బడిపిల్లలు ముందు, ప్రభువులు పిదప.

స్త్రీలకును ఇందు పాలు కలదు. స్టూలుబా లను ప్రాచీనక్రీడలో ఒకరు పీటను గురిచూచి బంతి విసరగా మరియొకరు దానిని కాపాడుదురు. గ్రామకన్యల కిది ప్రియమైన యాట. ససెక్సున నేటికిని ఆడుచున్నారు. 1745లో బ్రామ్లీ, హాంబుల్డను అను సర్రే గ్రామముల యువతులు జట్టునకు పదునొకండుగురు చొప్పున క్రికెట్టు పందెమాడిరి.

"పుట్టుక యేదైన నేమి? ఆడుటయే ప్రధానము గదా" యని కొంద రడుగవచ్చును. ఆడుట ప్రధానమే. కాని కల్పితకర్తకు కీర్తి నొసగుట, నిజముగా ఆటను పెంచినవారి సొత్తు నపహరించుటయే గదా! ఈ న్యాయము మనకును వర్తించును. మన బిళ్ళంగోటిని పోలిన టిప్‌క్యాటు అను ఆట ఇంగ్లండులోను కలదు. అంతమాత్రమున క్రికెట్టు మనయొద్దనుండియే పోయినదని గర్వించుట స్పాల్డింగు చేసిన పనినే మరల చేయుట యగును. పోలిక వేరు, సాక్ష్యము వేరు.

గర్వమునకు బదులు మన విద్యార్థులు చేయదగిన పని యొకటి కలదు. మీ మీ గ్రామములలో బిళ్ళంగోడు ఎట్లాడుదురో, గోడు పొడవెంతో, లెక్కించు మాటలేవో, తగవు వచ్చిన నెట్లు తీర్చుదురో పెద్దల నడిగి వ్రాయుడు. ఊరి కొక రీతిగా నుండు ఈ వివరములు చెప్పువారితోనే పోవుచున్నవి. డెరిక్కు సాక్ష్యము నిలుచుటకు వ్యాజ్యము కావలసివచ్చినది. మనకు కాగితమును కలమును చాలును.