పన్నుకు ఫొటో తీయించాలా, వద్దా?

ధర్మవరంలో రైలెక్కితే పెనుకొండ, హిందూపురం మీదుగా బెంగళూరు చేరొచ్చు. పెద్దాసుపత్రి పనులకు మనవాళ్లది ఎక్కువగా ఆ దారే. పంటినొప్పికీ అంతే. ఊళ్లో ఒక ఎక్స్‌రే, బెంగళూరులో మరోటి. ‘మొదటిదేదీ?’ అని డాక్టరు అడిగితే, ఇంట్లో మర్చిపోయామంటారు.

ఎక్స్‌రే అంటేనే హడలిపోయేవాళ్లు ఇంకో రకం. మా బంధువుల్లో ఒకమ్మాయికి ఐదో నెలలో పన్ను నొప్పి వచ్చింది. ‘బిడ్డకు దెబ్బ, ఫొటో వద్దు’ అంది వాళ్ల అవ్వ. లవంగ నూనెతో నెట్టుకొచ్చారు. వారం తిరక్కుండానే దవడ వాచింది, జ్వరం వచ్చింది. అప్పుడు ఆసుపత్రికి పరుగెత్తితే ఎక్స్‌రే తీయక తప్పలేదు. చీము తీసేశాక నెమ్మదించింది. నెలలు నిండాక పండంటి బిడ్డ పుట్టాడు. భయపడాల్సింది ఫొటోకు కాదు, లోపల పెరిగే చీముకు.

ఎంత రేడియేషన్?

1896లో జర్మనీలో వాల్కాఫ్ అనే దంతవైద్యుడు తన పళ్లకే ఎక్స్‌రే తీసుకున్నాడు. కదలకుండా 25 నిమిషాలు ఉండాల్సి వచ్చింది. ఇప్పుడు సెకనులో కొంత భాగం చాలు. పంటికి తీసే చిన్న ఎక్స్‌రేలో మోతాదు సుమారు 1 నుంచి 8 మైక్రోసీవర్టులు. నేల, గాలి, తిండి, ఆకాశం నుంచి మనిషికి సహజంగా అందేదే సగటున రోజుకు ఆరేడు ఉంటుంది. రెండు దవడలూ ఒకేసారి కనిపించే ఓపీజీకి దాదాపు 10 నుంచి 25. సీబీసీటీ స్కాన్‌కు మాత్రం పదుల నుంచి వందల దాకా పోతుంది. ‘ఎందుకైనా మంచిది’ అని తీయించేది కాదది.

ఎప్పుడు అవసరం?

రెండు పళ్ల సందులో పిప్పి ఉందేమోనని అనుమానం వచ్చినప్పుడు, వేరు చివర చీము పట్టినప్పుడు, జ్ఞానదంతం అడ్డంగా మొలిచినప్పుడు, దెబ్బ తగిలినప్పుడు, చిగుళ్ల జబ్బుతో ఎముక అరిగిందో లేదో చూడాల్సినప్పుడు తీయించాలి. రూట్ కెనాల్‌కు ముందు, మధ్యలో, చివర తీస్తారు. అన్నిసార్లు తీశారని డాక్టరును అనుమానించనక్కర్లేదు.

ఎప్పుడు అక్కర్లేదు?

నోరు తెరిచి చూడకముందే ఎక్స్‌రే అంటే ఆలోచించండి. పళ్లు బాగున్నవాళ్లకు ఆర్నెల్లకోసారి అలవాటుగా తీయడమూ అనవసరమే. మన ప్రాంతంలో ఇంకో సంగతి ఉంది. ఉమ్మడి అనంతపురం జిల్లా బోరు నీళ్లలో చాలాచోట్ల ఫ్లోరైడ్ ఎక్కువ. 1990లలో సత్యసాయి తాగునీటి పథకం రావడానికి ఇదీ ఒక కారణం. పిల్లల పళ్ల మీది తెల్ల చారలు, గోధుమరంగు మచ్చలు ఫ్లోరైడ్‌వో కావో డాక్టరు కంటితో చూసే చెబుతారు. ఆ డబ్బుతో బోరు నీళ్లు పరీక్ష చేయించండి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్లు తాగొద్దు.

కడుపుతో ఉంటే?

ముందే డాక్టరుకు చెప్పండి. ఆగగలిగినవి కాన్పు అయ్యాక చూసుకోవచ్చు. నొప్పి, వాపు ఉంటే మాత్రం ఎక్స్‌రేకు జంకొద్దు. కిరణం ముఖం దగ్గరే కట్టడి అవుతుంది కాబట్టి సీసపు ఏప్రాన్ కూడా అక్కర్లేదని 2024లో అమెరికన్ డెంటల్ అసోసియేషన్ చెప్పింది. మీ ధైర్యం కోసం అడిగితే తప్పేం లేదు.

కుర్చీలో కూర్చున్నాక ఒక్క ప్రశ్న వేయండి: ‘ఈ ఫొటోలో ఏం చూస్తారు డాక్టర్, దాంతో వైద్యం ఏమైనా మారుతుందా?’ జవాబు సరిగ్గా ఉంటే నిశ్చింతగా తీయించుకోండి. తర్వాత దాన్ని రేషన్ కార్డంత భద్రంగా దాచండి. కంప్యూటర్‌లో తీస్తే ఫోన్‌కు పంపమనండి. ఈసారి బెంగళూరు రైలెక్కేటప్పుడు సద్ది మూటతో పాటు అదీ సంచిలో ఉండాలి.