జంట శక్తుల రథం

వేగం మీద మానవునికి గల మక్కువ ఈనాటిది కాదు. ప్రాచీన కవులు వీరుని ధనుస్సును ఎంత శ్రద్ధతో వర్ణించారో, అతని రథాన్ని, రథాశ్వాలను కూడా అంత శ్రద్ధతోనే వర్ణించారు. నేటి వీరరథాలు స్పోర్ట్స్ కార్లు, పందెపు కార్లు. శతాబ్దానికి పైగా వీటికి పెట్రోలుతో నడిచే అంతర్దహన యంత్రమే ప్రాణం. ఇప్పుడు దానికి తోడుగా విద్యుత్ మోటారు వచ్చి చేరింది. ఈ రెండింటి కలయికే హైబ్రిడ్. ఈ కలయిక వేగవాహనాలకు మేలు చేస్తుందా, కీడు చేస్తుందా అన్నది నేటి వివాదం.

హైబ్రిడ్ అన్న మాట తెలుగు పల్లెలకు విత్తనాల ద్వారా పరిచయమైంది. రెండు వంగడాల మేలు గుణాలను ఒకే మొక్కలో పండించడం దాని ఆశయం. వాహనాల విషయంలోనూ ఆశయం అదే. ఇది నిన్న మొన్న పుట్టిన ఆలోచన కాదు. 1900లోనే ఫెర్డినాండ్ పోర్షే వియన్నాలోని లోనర్ సంస్థలో పనిచేస్తూ ఇటువంటి వాహనాన్ని నిర్మించాడు. అందులో పెట్రోలు యంత్రాలు విద్యుత్తును పుట్టిస్తే, చక్రాలలో అమర్చిన మోటార్లు బండిని నడిపేవి. దానికి ఆయన పెట్టిన పేరు 'సెంపర్ వివస్'. లాటిన్ భాషలో నిత్యజీవి అని దాని అర్థం. అయితే హైబ్రిడ్ సామాన్యునికి చేరువైంది 1997 డిసెంబరులో జపానులో విడుదలైన టొయోటా ప్రియస్‌తోనే. ఆ కారుకు పేరు తెచ్చింది ఇంధన పొదుపు. అందువల్ల హైబ్రిడ్ అంటే పొదుపే కాని పౌరుషం కాదన్న అభిప్రాయం లోకంలో స్థిరపడింది.

ఆ అభిప్రాయాన్ని పందెపు బాటలు తిరగరాశాయి. కారుకు బ్రేకు వేసినప్పుడు దాని గతిశక్తి వేడిగా మారి గాలిలో కలిసిపోతుంది. ఆ శక్తిలో కొంత భాగాన్ని ఒడిసిపట్టి, దాచి, మలుపు దాటగానే తిరిగి చక్రాలకు అందించడమే ఈ విద్యలోని రహస్యం. 2009లో ఫార్ములా వన్ పందేలు ఈ పద్ధతిని అనుమతించాయి. ఆనాడు లభించిన అదనపు బలం 60 కిలోవాట్లు. అదీ ఒక్కొక్క చుట్టుకు ఆరున్నర సెకన్ల పైచిలుకు మాత్రమే. 2014 నాటికి 2.4 లీటర్ల యంత్రాల స్థానంలో 1.6 లీటర్ల హైబ్రిడ్ యంత్రాలు వచ్చాయి. ఫ్రాన్సులో ఇరవైనాలుగు గంటల పాటు సాగే ల మాన్స్ పందెంలో 2012లో ఆడి హైబ్రిడ్ కారు తొలిసారి గెలిచింది. అది మొదలు 2025 వరకు ఒక్క ఏడాది కూడా తప్పకుండా అక్కడ విజేత హైబ్రిడ్ వాహనమే. పందెపు నిబంధనలు ఈ విద్యను ప్రోత్సహించిన మాట నిజమే. కాని పగలూ రాత్రీ ఏకధాటిగా పరుగెత్తి నిలిచిన యంత్రాన్ని బలహీనమైనదని ఎవరూ అనలేరు.

దీనికి శాస్త్రబద్ధమైన కారణం ఉంది. పెట్రోలు యంత్రం కొంత వేగం అందుకున్న తరువాతే తన పూర్తి బలాన్ని చూపుతుంది. విద్యుత్ మోటారు మాత్రం నిలిచిన చోటు నుంచే పూర్తి బలంతో చక్రాన్ని తిప్పగలదు. ఒకదాని కొరతను మరొకటి తీరుస్తుంది. 2013లో పోర్షే 918 స్పైడర్ అనే హైబ్రిడ్ కారు జర్మనీలోని నూర్‌బుర్గ్‌రింగ్‌లో ఇరవై కిలోమీటర్లకు పైబడిన కొండబాటను 6 నిమిషాల 57 సెకన్లలో చుట్టివచ్చి ఈ మైత్రి ఫలాన్ని లోకానికి చూపింది.

అయినా విమర్శకుల మాటను తోసిపుచ్చడం న్యాయం కాదు. వారి ప్రధానమైన ఆక్షేపణ బరువు. 2024లో వచ్చిన బి.ఎం.డబ్ల్యు. ఎం5 హైబ్రిడ్ కారు బలం 727 అశ్వశక్తి. బరువు సుమారు 2,400 కిలోలు. అది తన ముందు తరం కారు కంటే దాదాపు 500 కిలోలు ఎక్కువ. ఎంత బలమున్నా, బరువైన బండిని మలుపులో తిప్పడం, అవసరమైన చోట ఆపడం కష్టం. భౌతికశాస్త్ర నియమాలకు ఏ సంస్థ మీదా పక్షపాతం ఉండదు. ఎనిమిది సిలిండర్ల యంత్రపు గంభీర నాదాన్ని ప్రేమించేవారు, దాని స్థానంలో నాలుగు సిలిండర్ల యంత్రాన్నీ ఒక బ్యాటరీనీ అమర్చితే నొచ్చుకోవడం కూడా సహజమే. వేగవాహనం అంకెలకే కాదు, అనుభూతికి కూడా సంబంధించినది.

అయితే ఈ దోషం హైబ్రిడ్ పద్ధతిదా, దానిని వాడిన తీరుదా? అదే 2024లో వచ్చిన పోర్షే 911 జి.టి.ఎస్. ఈ ప్రశ్నకు సమాధానం చెబుతుంది. అందులోని బ్యాటరీ సామర్థ్యం 1.9 కిలోవాట్-గంటలు మాత్రమే. పెరిగిన బరువు 50 కిలోలు. అయినా అది నూర్‌బుర్గ్‌రింగ్ బాటను తన ముందు తరం కారు కంటే 8.7 సెకన్లు ముందుగా చుట్టివచ్చింది. పెద్ద బ్యాటరీలు మోసే కార్లు చాలావరకు ఉద్గారాల నిబంధనలను తృప్తిపరచడానికి పుట్టినవి. ఆ పనినైనా అవి సరిగా నెరవేర్చడం లేదు. ప్లగ్ పెట్టి ఛార్జి చేసుకునే హైబ్రిడ్ కార్లు వాస్తవంగా వదిలే కర్బన ఉద్గారాలు, ప్రయోగశాల లెక్కలకు మూడున్నర రెట్లు ఉన్నాయని 2024లో యూరోపియన్ కమిషన్ వెల్లడించింది.

ఇక్కడ సాహిత్య విద్యార్థికి చంపూ ప్రక్రియ గుర్తుకు రాక మానదు. నన్నయ తన భారత రచనలో పద్యాన్నీ గద్యాన్నీ కలిపి నడిపించాడు. పద్యం ఉండవలసిన చోట పద్యం, గద్యం ఉండవలసిన చోట గద్యం నిలిచాయి కనుకనే ఆ కలయిక కావ్యమైంది. రెండింటినీ ఔచిత్యం లేకుండా కలిపితే మిగిలేది గందరగోళమే. యంత్రనిర్మాణానికి కూడా ఈ సూత్రమే వర్తిస్తుంది.

మరి పెట్రోలును పూర్తిగా విడిచి విద్యుత్తునే నమ్మరాదా అన్న ప్రశ్న మిగులుతుంది. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్ సాగర్ తీరాన జరిగిన ఫార్ములా ఇ పందెంలో పూర్తి విద్యుత్ కార్లు పరుగెత్తాయి. నగరవీథులలో ముప్పావు గంట సాగే ఇటువంటి పందానికి అవి చక్కగా సరిపోతాయి. సుదీర్ఘమైన పరుగు మాట వేరు. కిలో పెట్రోలులో సుమారు 12 కిలోవాట్-గంటల శక్తి ఉంటుంది. కిలో బరువున్న బ్యాటరీలో ఉండేది అందులో దాదాపు యాభయ్యో వంతు. యంత్రంలో వృథా అయ్యే పెట్రోలు శక్తిని తీసివేసి లెక్కించినా అంతరం పెద్దదే. ఈ అంతరం తగ్గేదాకా జంట శక్తుల రథమే యుక్తమైనది. 2026 నుంచి అమలయ్యే ఫార్ములా వన్ నిబంధనలు మోటారు బలాన్ని 350 కిలోవాట్లకు పెంచి, శిలాజేతర ఇంధనాన్ని తప్పనిసరి చేయడం కూడా ఈ దిశనే సూచిస్తున్నది.

కాబట్టి వేగవాహనాలకు హైబ్రిడ్ సరైన మార్గమే. అయితే బరువును అదుపులో ఉంచినంత వరకే. రేపటి యంత్రశిల్పులు కాగల నేటి విద్యార్థులు గ్రహించవలసినది ఇదే. రథానికి ఎన్ని గుర్రాలనైనా కట్టవచ్చు. కట్టిన ప్రతి గుర్రమూ తన మేతను తానే మోయాలన్న సంగతి మరచిన సారథికి మాత్రం గమ్యం దూరమవుతుంది.