ఇంటి ముచ్చట్లు: వెల్ల వేసే ముందు

పెరియకుళంలోని మా పాత ఇంటి తూర్పు గోడలో, కిటికీ మూలనుంచి ఏటవాలుగా ఒక పగులు వచ్చింది. తమ్ముడు సిమెంటు పూయించి వెల్ల వేయించాడు. దీపావళి వానలు వెలిసేసరికి పగులు అదే దారిన మళ్ళీ బయటపడింది. "ఈసారి మందంగా పూయిద్దాం, అన్నా" అన్నాడు. వాణ్ణి తప్పు పట్టను. ఉమ్మడి ఇల్లు, ఇద్దరివీ నెలజీతాలే.

కాని నాకు శ్రీకాళహస్తి గుర్తుకు వచ్చింది. 1516లో శ్రీకృష్ణదేవరాయలు కట్టించిన రాజగోపురం 2010 మే 26న కూలిపోయింది. పగుళ్ళు ముందే కనిపించాయి. జనాన్ని దూరంగా ఉంచారు గనుక ప్రాణాలు దక్కాయి, గోపురం దక్కలేదు. ఇప్పుడున్నది 2017లో కుంభాభిషేకం జరిగిన కొత్త గోపురం.

ముసలి మేస్త్రీని పిలిపించాను. ఆయన గోడకంటె ముందు నేలను చూశాడు. చూరు నీళ్ళూ, స్నానాలగది నీళ్ళూ గోడ మొదట్లోనే ఇంకుతున్నాయి. ముందు కాలువ బాగుచేయించాడు. పగులుకు అడ్డంగా గాజుముక్క అతికించి, మేము ఆఫీసు కాగితాలకు వేసినట్లే, పక్కన తేదీ వేశాడు. మూడు నెలల్లో గాజు విరిగింది. గోడ ఇంకా కదులుతున్నదన్నమాట.

గుంట తీసి చూస్తే అక్కడ అస్తివారం మోకాలిలోతే. అడుగున నల్లమన్ను: తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది. ఇంజనీరు సలహా తీసుకుని, గోడకు ఊతకర్రలు పెట్టించాం. అమ్మ ఇల్లు కదలనన్నది. ఆమె మంచం పడమటి గదిలోకి మార్చాం.

"మొత్తం ఒక్కసారే తవ్వితే పని త్వరగా తెమలదా?" అన్నాడు తమ్ముడు.

"అప్పుడు గోడ దేనిమీద నిలుస్తుందయ్యా?" అన్నాడు మేస్త్రీ.

గోడ పొడవును నాలుగేసి అడుగుల భాగాలు చేసి, పక్కపక్కవి కాకుండా ఒకటి విడిచి ఒకటి తవ్వారు. గట్టినేల తగిలేదాకా దిగి కాంక్రీటు పోశారు. అది గట్టిపడ్డాక, దానికీ పాత రాతికీ నడుమ మిగిలిన సందులో కొద్దిగా తడిపిన సిమెంటు-ఇసుక బిగించి కూరారు. ఆ తరువాతే మిగతా భాగాలు.

పోయిన దీపావళికి అతికించిన కొత్త గాజు ఇంకా విరగలేదు. వెల్ల ఎప్పుడని అమ్మ అడుగుతున్నది. ఇంకొక వానకాలం చూద్దామన్నాను.

పండుగకు వెల్ల వేయించబోయే సోదరీసోదరులు ముందుగా ఇంటిచుట్టూ ఒకసారి తిరిగి, నీళ్ళు ఎక్కడ నిలుస్తున్నవో చూడండి.