వాల్యూమ్ పెంచితే మాట వినబడదు!

ఇంటిల్లిపాదీ ఎక్కే కారులో స్టీరియో దగ్గర గొడవ దాదాపు ఒకేలా ఉంటుంది. "ఏం పాడుతున్నాడో తెలియట్లేదు, కొంచెం పెంచు" అని నాన్న. "తల పగిలిపోతోంది, తగ్గించు" అని వెనక సీట్లోంచి అమ్మ. ఇద్దరి మాటా కరెక్టే. కంపెనీ ఫిట్టింగ్ స్పీకర్లు సౌండ్ ఇస్తాయి, మాట సరిగ్గా ఇవ్వవు. పెంచినకొద్దీ మాట ఇంకా పాడవుతుంది. అందుకే స్టీరియో మార్చాలని డిసైడ్ అయితే, తక్కువ వాల్యూమ్‌లో మాట స్పష్టంగా వినబడాలి అన్న ఒక్క టార్గెట్ పెట్టుకోండి. సగం డబ్బు మిగులుతుంది.

అసలు లోపం ఎక్కడుంది? చాలా బేస్ మోడల్ కార్లలో స్పీకర్ డోర్‌కి అడుగున, మోకాళ్ల దగ్గర ఉంటుంది. బేస్ సౌండ్ ఎటైనా పాకుతుంది. స, ష, చ లాంటి అక్షరాల్ని విడదీసి వినిపించే సన్నటి సౌండ్ మాత్రం టార్చిలైటు వెలుగులా నేరుగా వెళ్తుంది. అది వెళ్లి మన మోకాళ్లకీ, సీటుకీ తగిలి ఆగిపోతుంది. వయసు పెరిగేకొద్దీ చెవి ముందుగా కోల్పోయేది కూడా ఆ సన్నటి సౌండ్‌నే. అంటే పెద్దవాళ్లకి రెండు వైపులా నష్టం.

ఇప్పుడు షాపుకి వెళ్దాం. "అన్నా, పెద్ద టచ్ స్క్రీన్ వేసుకో, వెనకాల సబ్ ఊఫర్ పెట్టుకో, అద్దాలు అదిరిపోవాలె!" అని మొదలవుతుంది. బాక్స్ మీద '50 వాట్స్ ఇంటూ 4' అని మెరిసే అక్షరాలు. ఇంజనీరింగ్‌లో చదివిన ఓమ్స్ లా ఇక్కడ పనికొస్తుంది. ఇంజిన్ ఆన్‌లో ఉంటే కారులో దొరికేది సుమారు 14 వోల్టులు. మామూలు 4 ఓమ్స్ స్పీకర్‌కి, విడిగా ఆంప్లిఫయర్ లేకుండా, ఏ నష్టమూ లేదనుకుని లెక్కేసినా ఒక్కో స్పీకర్‌కి శుభ్రంగా వెళ్లేది 25 వాట్ల దగ్గర ఆగిపోతుంది. నిజంగా వచ్చేది ఇంకా తక్కువ. ఆ 50 అనేది క్షణకాలం పీక్ లెక్క. బాక్స్ మీద 'ఆర్‌ఎంఎస్' అని ఉన్న అంకె ఒక్కటే చూడండి.

స్క్రీన్ కావాలంటే తప్పకుండా వేయించుకోండి, మ్యాప్ చూడ్డానికి బాగుంటుంది. కానీ పాత స్పీకర్లకి కొత్త స్క్రీన్ తగిలిస్తే పాట మారదు. స్టీరింగ్ మీది బటన్లు, రివర్స్ కెమెరా కొత్త స్క్రీన్‌తో పనిచేస్తాయో లేదో డబ్బు కట్టకముందే అడగండి.

డబ్బు ఏ ఆర్డర్‌లో పెట్టాలంటే:

మొదటిది, పైసా ఖర్చు లేని పని. ఫోన్ వాల్యూమ్ దాదాపు ఫుల్‌గా ఉంచి, కారు వాల్యూమ్‌తో తగ్గించుకోండి. బేస్, ట్రెబుల్ సున్నాకి తెచ్చి 'లౌడ్‌నెస్' ఆఫ్ చేయండి. వాట్సాప్‌లో చేతులు మారి వచ్చిన పాట బదులు మంచి క్వాలిటీ పాట పెట్టి వినండి. కొందరికి ఇక్కడితోనే పనైపోతుంది.

రెండోది, ముందు డోర్ల స్పీకర్లు. ట్వీటర్ విడిగా వచ్చే 'కాంపోనెంట్' సెట్ తీసుకుని, ట్వీటర్‌ని అద్దం మూల దగ్గర, చెవులకి ఎదురుగా పెట్టించండి. మాట మోకాళ్ల దగ్గర్నుంచి డ్యాష్‌బోర్డ్ మీదకి లేచి వస్తుంది. వెనక స్పీకర్లు తర్వాత చూసుకోవచ్చు.

మూడోది, డోర్ డ్యాంపింగ్. డోర్ లోపలి రేకుకి పెద్ద పెద్ద కంతలుంటాయి. స్పీకర్ వెనక నుంచి వచ్చే సౌండ్ ఆ కంతల్లోంచి ముందుకొచ్చి, ముందు సౌండ్‌లోని బేస్‌ని కొట్టేస్తుంది. ఆ కంతలు మూసి, రేకు వణక్కుండా షీట్ అంటిస్తే ఉన్న స్పీకరే బరువుగా పలుకుతుంది. కిందనున్న నీళ్లు పోయే రంధ్రాలు మాత్రం మూయనివ్వకండి, డోర్ తుప్పు పడుతుంది.

ఆంప్లిఫయర్, సబ్ ఊఫర్ నాలుగో స్థానంలో. హైవే మీద టైర్ల శబ్దం, గాలి శబ్దం పాటని మింగేస్తాయి కాబట్టి అక్కడ పవర్ కావాలి. చిక్కడపల్లి నుంచి నారాయణగూడ దాకా పాకే ట్రాఫిక్‌లో ఆ అవసరం ఎంత? 2023లో ఓపెన్ అయిన ఇందిరా పార్క్–వీఎస్‌టీ స్టీల్ బ్రిడ్జి ఎక్కినా స్పీడ్ దొరికేది రెండు కిలోమీటర్ల పైచిలుకే. పైగా కారు చిన్న గది. బేస్‌ని తనంతట తానే పెంచుతుంది. సీటు కింద పట్టే చిన్న సబ్ చాలు, డిక్కీలో లగేజ్ చోటు కూడా మిగులుతుంది.

ఒక్క విషయంలో మాత్రం బేరం వద్దు. వైర్లు కోసి టేపు చుట్టడానికి ఒప్పుకోకండి. మీ కారు మోడల్‌కి సరిపోయే కప్లర్ దొరుకుతుంది, అదే వాడమనండి. వైర్ కోస్తే వారంటీ దగ్గర తగువు, టేపు ఊడితే షార్ట్ సర్క్యూట్. ఆంప్లిఫయర్ పెడితే బ్యాటరీ నుంచి వచ్చే వైర్‌కి బ్యాటరీ పక్కనే ఫ్యూజ్ ఉండాలి. ఆంప్లిఫయర్ దగ్గర ఉన్న ఫ్యూజ్ ఆంప్లిఫయర్‌నే కాపాడుతుంది. మధ్యలో వైర్ రాసుకుని బాడీకి తగిలితే మంటల్ని ఆపేది బ్యాటరీ పక్కన ఉన్నదే. అందులో ఇంట్లోవాళ్లంతా ఎక్కుతారు కదా.

పిల్లల సంగతి కూడా చూడండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పెద్దవాళ్లకి 80 డెసిబెల్స్ సౌండ్ వారానికి 40 గంటలు, పిల్లలకైతే 75 డెసిబెల్స్ వరకే సేఫ్. ప్రతి 3 డెసిబెల్స్ పెరిగినప్పుడల్లా సేఫ్ టైమ్ సగానికి పడిపోతుంది. వెనక సీట్లో, సబ్ ఊఫర్‌కి ఆనుకుని కూర్చునేది ఎక్కువగా పిల్లలే.

ఫిట్టింగ్ అయ్యాక మంచి సౌండ్ అంటే ఏమిటో ఎలా తెలుస్తుంది? చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో ఒక సాయంత్రం కచేరీ వినండి. వయొలిన్ ఎక్కడుంది, మృదంగం ఎక్కడుంది, గొంతు ఎక్కడుంది అని కళ్లు మూసుకుని గమనించండి. తర్వాత కారులో అలాంటి పాటే పెట్టండి. గొంతు మధ్యలో నిలబడకుండా అటూ ఇటూ చెదిరిపోతే, ఒక స్పీకర్‌కి ప్లస్, మైనస్ తిరగేసి కలిపారేమో చూడమనండి. ఐదు నిమిషాల పని.

చివరి టెస్ట్ కారు బయట. అశోక్‌నగర్‌లో సిటీ సెంట్రల్ లైబ్రరీ చుట్టుపక్కల గ్రూప్స్‌కీ, పోలీసు ఉద్యోగాలకీ చదివేవాళ్లు పొద్దున్నుంచి రాత్రిదాకా పుస్తకాల ముందే ఉంటారు. రూల్స్ ప్రకారం నివాస ప్రాంతాల్లో శబ్దం పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ దాటకూడదు. మీరు రోజూ వినే వాల్యూమ్‌లో పాట పెట్టి, డోర్లు, అద్దాలు మూసి, దిగి పది అడుగులు నడవండి. అక్కడికి 'ధబ్ ధబ్' వినబడుతుంటే వెనక్కొచ్చి బేస్ రెండు పాయింట్లు తగ్గించండి.